ముల్లంగిలో దాగిన కదురు

గుంటూరులోనో విజయవాడలోనో బైపీసీ చదివే పిల్లల్ని ముల్లంగి ఏ ఆకారంలో ఉంటుందని అడిగితే ఠక్కున ‘ఫ్యూజీఫార్మ్’ అంటారు. క్యారెట్‌ది శంకువు ఆకారం, టర్నిప్‌ది బొంగరం ఆకారం, ముల్లంగిది ఫ్యూజీఫార్మ్. ఒక మార్కు ప్రశ్న, ఒక మాట జవాబు. ఆ మాటకు అర్థమేమిటని రెండో ప్రశ్న వేస్తే ‘కదురు ఆకారం’ అనో ‘కండె ఆకారం’ అనో తెలుగు పాఠంలోని మాట వస్తుంది. కదురు అంటే ఏమిటని మూడో ప్రశ్న వేస్తే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. తప్పు పిల్లలది కాదు. వాళ్లు కదురును చూడలేదు, చూపించినవాళ్లూ లేరు.

ఆకారాన్ని చెప్పే శాస్త్రపదాలు దాదాపు అన్నీ ఏదో ఒక వస్తువు వైపు వేలు చూపిస్తాయి. ఆకుల్ని వర్ణించడానికి గుండె, మూత్రపిండం, ఈటె మొన, గరిటె వచ్చాయి. పువ్వులకు గంట, గరాటు వచ్చాయి. కాలేయాన్ని పట్టి ఉంచే ఒక పొరకు కొడవలి పేరు వచ్చింది. ఆ వస్తువు ఇంట్లో ఉన్నంతకాలం పదాన్ని ఎవరూ వివరించనక్కర్లేదు. వస్తువు ఇల్లు వదిలి వెళ్లిపోయాక పదం మాత్రం మిగిలి బట్టీకి దిగుతుంది. నూలు వడికే పనిముట్టు కదురుకు జరిగింది ఇదే. అయితే కృష్ణకు అటూ ఇటూ ఉన్న ఈ రెండు ఊళ్లలో అలా జరగనక్కర్లేదు. రెండింటికీ మధ్యనే మంగళగిరి ఉంది. అక్కడ ఇప్పటికీ మగ్గాలు ఆడుతున్నాయి, నేతకు కావలసిన నూలు కండెలు చుడుతున్నారు.

ముందు పదం సంగతి చూద్దాం. ఫ్యూజీఫార్మ్ లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో ‘ఫూసుస్’ అంటే కదురు, ‘ఫోర్మా’ అంటే ఆకారం. రెండూ కలిస్తే కదురు ఆకారం గలది అని అర్థం. ఇక్కడే ఒక తికమక ఉంది. లాటిన్‌లోనే అచ్చం అదే రూపంలో ఇంకో ‘ఫూసుస్’ కూడా ఉంది. అది ‘పోయు, కరిగించు’ అనే అర్థమున్న ‘ఫుండెరె’ క్రియ నుంచి వచ్చింది, దానికి ‘కరిగించి పోసిన’ అని అర్థం. రెండు వస్తువులు కలిసిపోవడాన్ని చెప్పే ఫ్యూజన్ ఈ రెండో మాట సంతానం. ఫ్యూజీఫార్మ్ అనగానే ‘కలిసిపోయిన ఆకారం’ అనుకునే విద్యార్థులు పడే పొరపాటు ఇదే. పోలిక చెవికే, అర్థాలకు సంబంధం లేదు.

కరెంటు ఎక్కువైతే కరిగిపోయే ఇంటి ఫ్యూజు ఆ ‘కరుగు’ కుటుంబానిదే. మందుగుండుకు పెట్టే ఫ్యూజు మాత్రం కదురు కుటుంబానిది. మందు నింపిన సన్నని గొట్టం దారం చుట్టిన కదురులా కనిపించడం వల్ల దానికా పేరు వచ్చింది. విమానం మొండేన్ని ఫ్యూజ్‌లాజ్ అంటారు, అదీ కదురు నుంచి పుట్టిందే. ఫ్రెంచి వాళ్లకు కదురు ‘ఫ్యూజో’, కదురులా చెక్కడం ‘ఫ్యూజలే’. గన్నవరంలో దిగే విమానం మొండెం ఇవాళ పొడుగాటి గొట్టంలా ఉన్నా, ముందూ వెనకా సన్నబడిన తీరులో ఆ పేరు ఎందుకు పెట్టారో ఇంకా తెలుస్తుంది.

అసలు ప్రశ్న ఇది. కదురు ఆకారం అంటే ఏ కదురు? రాట్నానికి ఉండే కదురును ఊడదీసి చూస్తే అది ఒక సన్నని ఇనుప ఊచ, కొన మొనదేలి ఉంటుంది. దాన్ని ముల్లంగి పక్కన పెడితే ఏ పోలికా కనిపించదు. చేత్తో తిప్పే తకిలీ ఇంకా దూరం, అది కింద బిళ్ళ గుచ్చిన పుల్ల. శాస్త్రవేత్తలు చూసింది ఒట్టి కదురును కాదు. నూలు చుట్టుకున్న కదురును చూశారు. రాట్నం తిరుగుతుంటే ఏకు, అంటే వడకడానికి చుట్టిన దూది చుట్ట, నుంచి పత్తి సాగి పురి పడుతుంది. చేయి వెనక్కి వెళ్లినంత పొడుగు పోగు వచ్చాక దాన్ని కదురు మీదికి చుట్టేస్తారు. చివర్ల దగ్గర చుడితే నూలు జారిపోతుంది కాబట్టి ఎక్కువ నూలు నడుము దగ్గరే పేరుకుంటుంది. అలా మధ్యలో లావుగా, రెండు కొసలకూ క్రమంగా సన్నబడిన ఒక రూపం తయారవుతుంది. ఫ్యూజీఫార్మ్ అనే మాటకు ప్రాణం ఆ నూలు చుట్టలో ఉంది, ఊచలో లేదు.

ఈ తేడా పట్టుకుంటే నిర్వచనంలోని షరతులన్నీ వాటంతటవే అర్థమవుతాయి. లావు నడుము దగ్గర ఉండాలి. సన్నబడటం రెండు వైపులా జరగాలి. అడ్డంగా కోస్తే కోత గుండ్రంగా ఉండాలి, ఎందుకంటే నూలు చుట్టూ తిరిగి చుట్టుకుంది. కొసలు మొద్దుగా కాకుండా మొనదేలి ఉండాలి. ఈ నాలుగింటిలో ఏది తప్పినా ఆ వస్తువుకు ఇంకో పేరు వెతకాలి. గన్నేరు ఆకు కూడా మధ్యలో వెడల్పుగా, రెండు కొసల్లో సన్నగా ఉంటుంది. అయినా దాన్ని ఫ్యూజీఫార్మ్ అనరు, అది పలచని రేకు కాబట్టి. దానికి ఈటె మొన పేరు వాడతారు. కోడిగుడ్డుకు కొసలు గుండ్రం, అందుకే అదీ కాదు. గుంటూరు మిరపకాయ సంగతి ఇంకా బాగుంటుంది. తొడిమ దగ్గర లావుగా మొదలై ఒక్క వైపే సన్నబడుతూ పోతుంది. ఎంత మొనదేలినా అది కదురు కాదు, పొడుగాటి శంకువు. మిర్చి యార్డులో బస్తాలకొద్దీ వెతికినా ఫ్యూజీఫార్మ్ అనదగ్గ కాయ దొరకడం కష్టం. కూరల్లో దొండకాయ నయం, రెండు వైపులా సన్నబడే లక్షణం దానికి ఉంది.

మరి పుస్తకాలకెక్కిన ముల్లంగి? 1751లో అచ్చయిన ‘ఫిలాసఫియా బొటానికా’లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ వేర్ల రకాలకు పేర్లు పెడుతూ ‘ఫూసిఫోర్మిస్’ అనే మాట వాడాడు. ఆ వాడుకే తరాలుగా పాఠ్యపుస్తకాల్లోకి దిగింది. అయితే పటమట రైతుబజారులో కనిపించే పొడుగాటి తెల్ల ముల్లంగిని చూసి ఆ మాట నేర్చుకోవడం కష్టమే. అది చాలావరకు స్తంభంలా సమంగా ఉండి, కింద మాత్రం తోకలా సన్నబడుతుంది. పైన ఆకులు కోసేసి అమ్ముతారు కాబట్టి ఆ వైపు సన్నదనం కూడా కనబడదు. కాస్త పొట్టిగా, ఆకులతో సహా పీకిన ముల్లంగి అయితే పోలిక తెలుస్తుంది. ఇంకో విశేషం, ముల్లంగిలో పైభాగం నిజానికి వేరు కాదు. మొలకెత్తినప్పుడు బీజదళాల కింద ఉండే కాండభాగం ఉబ్బి, దాని కింద ఉబ్బిన వేరుతో ఏకమై ఒకే దుంపలా కనిపిస్తుంది. కదురు ఆకారాన్ని వేర్లలో స్పష్టంగా చూడాలంటే ముల్లంగి కన్నా శతావరి మంచిది. మనవాళ్లు పిల్లిపీచర అనే ఆ తీగను తవ్వితే గుత్తులుగుత్తులుగా వేర్లు వస్తాయి. ఒక్కొక్కటీ మధ్యలో ఉబ్బి రెండు కొసల్లో సన్నగా, చేత్తో చుట్టి పెట్టినట్టు ఉంటుంది. పాఠ్యపుస్తకం ఉదాహరణ మార్చుకుంటే బాగుండేది.

ఇక తెలుగు మాటలు. కదురు మనకు బయటి నుంచి వచ్చింది కాదు, ద్రావిడ మాట. తమిళంలో ‘కదిర్’ అంటే నూలు వడికే కదురే. అదే తమిళ మాటకు వరి కంకి, వెలుగు కిరణం అనే అర్థాలు కూడా ఉన్నాయి. తెలుగులో కండె చూడండి. నేతపనిలో నూలు చుట్టినది కండె, చేలో మొక్కజొన్న పొత్తూ కండే. అక్కడ కదిర్, ఇక్కడ కండె, మాటలు వేరు. కానీ నూలు చుట్టనూ ధాన్యపు కంకినీ ఒకే మాటతో పిలవాలనే ఆలోచన రెండు చోట్లా వచ్చింది. మొక్కజొన్న కండెకు కూడా నడుము లావు, కొస సన్నం. శాస్త్రం లాటిన్‌లో పేరు పెట్టక ముందే పొలం నుంచి మగ్గానికీ మగ్గం నుంచి పొలానికీ ఆకారపు పోలికలు నడిచాయన్నమాట.

సంస్కృతంలో కదురును ‘తర్కు’ అంటారు. తకిలీ దాని వారసత్వమే, హిందీ మీదుగా మన దాకా వచ్చింది. గ్రీకులో కదురుకు ఉన్న ‘అత్రాక్తోస్’ అనే మాట ఈ తర్కుకు చుట్టమని భాషావేత్తలు చెబుతారు, రెండింటికీ మూలం ‘మెలిపెట్టు’ అనే ధాతువు. అంటే కొందరు కదురును అది చేసే పనిని బట్టి పిలిచారు. జీవశాస్త్రం దాని పనిని వదిలేసి రూపాన్ని మాత్రం తీసుకుంది.

ఈ ప్రాంతంలో కదురు ఒకప్పుడు ఎంత మామూలు వస్తువో చెప్పడానికి ఒక లెక్క చాలు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమై మూడు లక్ష్యాలు పెట్టుకుంది. కోటి మంది సభ్యులు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, దేశంలో 20 లక్షల రాట్నాలు. గడువు ఆ ఏడాది జూన్ 30. రాట్నానికో కదురు అనుకున్నా 20 లక్షల కదుళ్లు. పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా ఇచ్చింది కూడా ఆ బెజవాడ సమావేశాల్లోనే. అప్పటి జెండా మధ్యలో రాట్నం కూర్చుంది. ఆ కాలంలో ఈ ఊళ్లో ఏ పిల్లవాడినైనా కదురు ఆకారం గీయమంటే నిమిషంలో గీసేవాడు. ఒక శతాబ్దం గడిచేసరికి ఆ మాటకు ఫుట్‌నోట్ కావాల్సి వచ్చింది.

ప్రకృతిలో ఈ రూపం ఎందుకు పదేపదే కనిపిస్తుంది? దీనికి ఒక్క జవాబు లేదు. ఒక్కోచోట ఒక్కో కారణం ఉంది.

నీళ్లలో కారణం వేగం. సూర చేప, అంటే ట్యూనా, ఈ ఆకారానికి పేరుపడ్డ జీవి. వేగంగా ఈదే చేపకు ముందు నుంచి నీళ్ల ఒత్తిడి అడ్డు ఒకటైతే, వెనక నుంచి వచ్చే అడ్డు ఇంకొకటి. వెనకభాగం ఒక్కసారిగా తెగిపోతే ఒంటిని రాసుకుంటూ వచ్చిన నీళ్లు విడిపోయి అక్కడ సుళ్లు తిరుగుతాయి. ఆ సుళ్లు చేపను వెనక్కి లాగుతాయి. తోక వైపు నిదానంగా సన్నబడితే నీళ్లు ఒంటిని అంటిపెట్టుకునే జారిపోతాయి. పొడుగు మరీ పెరిగితే చర్మానికీ నీళ్లకూ రాపిడి ఎక్కువవుతుంది. ఈ రెండింటి మధ్య బేరం కుదిరేది పొడుగు లావుకు సుమారు నాలుగున్నర రెట్లు ఉన్నప్పుడు. సూర, డాల్ఫిన్ ఆ దరిదాపుల్లో ఉంటాయి. ఒకటి చేప, ఒకటి పాలిచ్చే జంతువు, అయినా నీళ్లు రెండింటినీ ఒకే తీరులో చెక్కాయి. వేగం అక్కర్లేని చందువా పళ్లెంలా పలచబడింది, బురదలో దాక్కునే కొరమీను గొట్టంలా ఉండిపోయింది. నిజాంపట్నం రేవులో పోసిన చేపల గుట్టను చూసినా ఏది ఎలా బతుకుతుందో ఒంటి ఆకారాన్ని బట్టి చాలావరకు చెప్పొచ్చు.

మన ఒంట్లో కారణం పొదుపు. పేగుల గోడల్లో, రక్తనాళాల్లో, గర్భాశయంలో ఉండే నునుపు కండర కణాలు కదురు ఆకారంలో ఉంటాయి. కణం లావైన చోట కేంద్రకం కూర్చుంటుంది. ఒక కణం నడుము పక్కన ఇంకో కణం సన్నని కొస వచ్చి చేరుతుంది. అందువల్ల కణాల మధ్య ఖాళీ మిగలకుండా అవి ఒకదానికొకటి ఇరుక్కుని పట్టుగా ఉంటాయి, ఒకటి ముడుచుకుంటే ఆ లాగుడు పక్కదానికి అందుతుంది. ప్రాక్టికల్స్‌లో స్లైడు చూసేటప్పుడు పిల్లలకు ఒక అనుమానం వస్తుంటుంది. నునుపు కండరాన్ని అడ్డంగా కోస్తే కొన్ని వలయాలు పెద్దవిగా, కొన్ని చిన్నవిగా ఉంటాయి, కొన్నింటిలోనే కేంద్రకం కనిపిస్తుంది. రెండు మూడు రకాల కణాలు ఉన్నాయా అనిపిస్తుంది. ఉన్నది ఒక్క రకమే. కత్తి కొన్ని కదుళ్లను నడుము దగ్గర, కొన్నింటిని కొసల దగ్గర కోసింది, అంతే. కదురు బొమ్మ మనసులో ఉన్నవాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది.

చెట్లలోనూ ఇదే రూపం ఉంది. మానును లావెక్కించే పలచని విభజన పొరలో రెండు రకాల కణాలుంటాయి. పొడుగ్గా, రెండు కొసలూ సన్నగా ఉండే కదురు కణాలు ఒక రకం. కలపలో నిలువునా సాగే నాళాలూ నారలూ వీటి నుంచే పుడతాయి. పొట్టిగా ఉండే కిరణ కణాలు రెండో రకం, అడ్డంగా సాగే కిరణాలు వీటి నుంచి పుడతాయి. తమిళ ‘కదిర్’కు కదురు, కిరణం రెండూ అర్థాలేనని పైన అనుకున్నాం. ఒకే పొరలో ఆ రెండు పేర్లూ పక్కపక్కన పడటం కేవలం కాకతాళీయం, కానీ తలచుకుంటే ముచ్చటగా ఉంటుంది.

కణ విభజనలో కనిపించే కండె దగ్గర మాత్రం ఒక జాగ్రత్త అవసరం. కణం రెండుగా చీలే ముందు రెండు ధ్రువాల మధ్య సన్నని పోగులు ఏర్పడతాయి. క్రోమోజోములు వాటిని పట్టుకునే చెరో వైపుకూ చేరతాయి. మధ్యలో ఉబ్బి రెండు చివర్లా కూడుకున్న ఆ పోగుల కట్టను తెలుగు పాఠాల్లో కండె అంటారు, పోగుల్ని కండె తంతువులంటారు. రూపం సరిగ్గా కుదిరింది. కానీ నేతగాడి కండెకు నూలు చుట్టూ తిరుగుతుంది, కణంలోని కండెకు పోగులు నిలువునా సాగుతాయి. పోలిక పైరేఖ వరకే. అయినా ఆ పేరు పెట్టినవాళ్ల మనసులో నూలు గట్టిగానే మెదిలింది. 1882లో జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ ఫ్లెమింగ్ ఈ విభజనకు పెట్టిన మైటోసిస్ అనే పేరు గ్రీకు ‘మీతోస్’ నుంచి వచ్చింది. మీతోస్ అంటే పోగు, మగ్గం మీది పడుగు దారం. కణజాల శాస్త్రానికి ఉన్న హిస్టాలజీ అనే పేరులోని ‘హిస్తోస్’ అంటే మగ్గం. టిష్యూ అంటే ఫ్రెంచిలో నేసినది. తెలుగువాళ్లు ఇక్కడ నేతను వదిలి జాలరి వైపు వెళ్లి కణజాలం అన్నారు, వల అన్నమాట. సూక్ష్మదర్శినిలో తొలిసారి ఒంటిని చూసినవాళ్లకు కనిపించింది పడుగూ పేకలే.

ఈ కండెను విరిచే మందు గుంటూరు పెరళ్లలోనే పూస్తుంది. బిళ్ళ గన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే రసాయనాలు కండె పోగులు అల్లుకోకుండా అడ్డుపడతాయి. పోగులు లేకపోతే క్రోమోజోములు విడిపోవు, కణం రెండు కాలేదు. అదుపు లేకుండా చీలిపోయే క్యాన్సర్ కణాలను ఆపడానికి, ముఖ్యంగా పిల్లల రక్త క్యాన్సర్‌లో, విన్‌క్రిస్టిన్‌ను వాడుతున్నారు. అయితే ఆ మొక్క విషపూరితం, ఆసుపత్రిలో శుద్ధిచేసి కొలిచి ఎక్కించే మందు వేరు, పెరటి ఆకు వేరు. ఆకు నమలడం ప్రమాదం.

రైతు ఇంటికి ఈ పదం ఇంకో దారిలో, చేదుగా వస్తుంది. 1809లో జర్మన్ శాస్త్రవేత్త లింక్ ఒక బూజు జాతికి ఫ్యూజేరియం అని పేరు పెట్టాడు. దాని సిద్ధబీజాలు, అంటే బూజు వ్యాపించడానికి వదిలే సూక్ష్మమైన బీజాలు, రెండు కొసల్లో సన్నబడి కదుళ్లలా ఉంటాయి, కాస్త కొడవలిలా వంగి ఉంటాయి కూడా. ఈ జాతిలో ఫ్యూజేరియం ఆక్సిస్పోరం అనేది నేలలో ఏళ్ల తరబడి పొంచి ఉండి, వేరు లోంచి మొక్కలోకి దూరి నీళ్లు మోసే నాళాలను పూడ్చేస్తుంది. మొదట ఒకటి రెండు ఆకులు పచ్చబడతాయి, ఎండకేమో అనుకుంటాం. చూస్తుండగానే మొక్కంతా వాడిపోతుంది. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే. కాండం చీలిస్తే లోపల గోధుమరంగు చారలు కనిపిస్తాయి. మిరపలో ఎండు తెగులు, అరటిలో పనామా తెగులు ఈ బూజు పనే. కృష్ణా లంకల్లో ఇష్టంగా పెంచే అమృతపాణి అరటి ఈ తెగులుకు తేలిగ్గా లొంగిపోయే రకం.

పత్తినీ ఇది వదల్లేదు. మన దేశంలో ముఖ్యంగా దేశీ పత్తి రకాలను ఇది పీడించింది. పత్తి ఏకు మీద బతికిన పనిముట్టు కదురు. ఆ కదురు పేరు పెట్టుకున్న బూజు పత్తి మొక్కనే చంపుతుంది. పేరు పెట్టినాయన బీజం రూపం చూశాడే తప్ప ఈ సంగతి తలచి ఉండడు. పల్నాటి నల్లరేగడిలో పత్తి వేసినవాళ్లకు మాత్రం ఈ రెండూ ఒకే కథలా కనిపిస్తాయి.

సూక్ష్మజీవుల్లో ఇంకో కదురు కూడా ఉంది. ధనుర్వాతం తెచ్చే బాక్టీరియా క్లాస్ట్రీడియం జాతిది. గ్రీకులో ‘క్లోస్తేర్’ అన్నా కదురే. మనుషుల ఆయుష్షు దారం వడికే గ్రీకు దేవత క్లోతో పేరు కూడా ఆ కుటుంబం లోదే. ఈ జాతిలో చాలా బాక్టీరియాలకు లోపల బీజం పెరిగినప్పుడు నడుము ఉబ్బి కదురు రూపం వస్తుంది. ధనుర్వాతం తెచ్చే దానిలో మాత్రం బీజం ఒక చివర పెరుగుతుంది, కాబట్టి అది డోలు కర్రలా కనిపిస్తుంది. జాతి పేరు కదురైనా దీని రూపం కదురు కాదు. మరి మన పేరు? రోగి ఒళ్లు విల్లులా వంగిపోతుంది కాబట్టి ధనుర్వాతం. వాళ్లు క్రిమి ఆకారం చూసి పేరు పెట్టారు, మనవాళ్లు మంచం మీద మనిషి ఆకారం చూసి పెట్టారు. అప్పట్లో వైద్యుడు చూడగలిగింది అదే కదా.

ఇవాళ ఈ పదం మామూలు మనుషుల చేతికి ఎక్కువగా స్కాన్ రిపోర్టుల్లో వస్తోంది. రక్తనాళం ఒకచోట ఉబ్బినప్పుడు డాక్టర్లు దాన్ని రెండు రకాలుగా రాస్తారు. నాళం ఒక పక్క మాత్రం సంచిలా బయటికి ఉబ్బితే ఒక పేరు, చుట్టూ అన్ని వైపులా ఉబ్బి అటూ ఇటూ మామూలు సైజుకు సన్నబడితే ఫ్యూజీఫార్మ్. బయాప్సీ రిపోర్టులో ‘స్పిండిల్ సెల్’ అని ఉంటే కణాలు కదురు రూపంలో ఉన్నాయని అర్థం. ఈ మాటలు చూడగానే టెన్షన్ పడి సెల్‌ఫోన్‌లో వెతకడం మొదలుపెడతారు. మాట చెప్పేది ఆకారం. ప్రమాదం ఎంతో ఆ మాటలో లేదు. కదురు రూపపు కణాలు హాని లేని గడ్డల్లోనూ ఉంటాయి, హాని చేసేవాటిలోనూ ఉంటాయి. ఉబ్బిన నాళం విషయంలో ఎంత ఉబ్బింది, ఎక్కడ ఉబ్బింది, ఎంత త్వరగా పెరుగుతోంది అన్నవి అసలు ప్రశ్నలు. అవి చూసిన డాక్టరును అడగాల్సినవి.

మెదడులోనూ ఒక కదురు మడత ఉంది. 1854లో జర్మన్ శరీరశాస్త్రవేత్త ఎమిల్ హుష్కె ఆ పేరు పెట్టాడు, నడుము వెడల్పు, కొసలు సన్నం కాబట్టి. మనం ముఖాలను గుర్తుపట్టడంలో అక్కడి ఒక భాగం కీలకమని 1997లో మెదడు శాస్త్రవేత్త నాన్సీ కాన్విషర్ బృందం చూపించింది. బస్టాండులో వెయ్యి మంది మధ్య మన మనిషిని పట్టుకోవడంలో ఆ మడత చేయి ఉంది.

ఇంతకీ తెలుగులో ఏ మాట వాడాలి? కదురా, కండెనా? పుస్తకాల్లో రెండూ ఒకదాని బదులు ఒకటిగా వాడేస్తుంటారు, మగ్గం దగ్గర మాత్రం అవి రెండు వేర్వేరు వస్తువులు. కదురు తిరిగేది, దాని పని వడకడం. కండె చుట్టుకున్నది, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో కూర్చుని అడ్డంగా నేసే పేక దారాన్ని అందించడం దాని పని. ఫ్యూజీఫార్మ్ అర్థం చుట్టుకున్న నూలు రూపంలో ఉందని ఒప్పుకుంటే కండె మాటే దగ్గరిది. లాటిన్ పదం ఊచ పేరు చెప్పి నూలును మన ఊహకు వదిలేసింది, తెలుగు పదం నూలునే చెబుతోంది. ఈ విషయంలో మూలం కన్నా మన అనువాదమే మేలు. కదురు వాడినా తప్పు లేదు, ‘నూలు నిండిన కదురు’ అని ఒక్కసారి చెబితే చాలు. వాడకూడనిది మూడో మాట, కదురు నోట్లో జారి కుదురుగా మారడం. కుదురు అంటే కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట, దాని ఆకారం వేరు. ఒక్క కొమ్ము తేడాతో ముల్లంగి కుండ కిందికి వెళ్లిపోతుంది.

మంగళగిరిలో కండెలు చుట్టేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లు. ఒక చేత్తో రాట్నం తిప్పుతూ రెండో చేతి వేళ్లతో నూలును కొస నుంచి కొసకు ఆడిస్తుంటారు. ఆ వేళ్ల కదలికను బట్టే నడుము లావు, కొసల సన్నదనం వస్తాయి. చుట్టడం సరిగా లేకపోతే నేతలో పోగు తెగుతుంది. కండెను నాడెలో పెట్టి నేయడం మొదలుపెట్టాక, నాడె అటూ ఇటూ పరిగెత్తిన కొద్దీ పేక దారం విప్పుకుంటూ పోతుంది, కండె నడుము కొంచెం కొంచెంగా తరుగుతుంది. నూలంతా చీరలోకి వెళ్లాక నాడెలో ఒట్టి పుల్ల మిగులుతుంది. దాన్ని చూసి ఎవరూ ముల్లంగి అనుకోరు.